క్రీడా సీజను మధ్యలో జట్టు అవకాశాల అంచనా

క్రీడా సీజను మధ్యలో జట్టు అవకాశాల అంచనా అంటే, లీగు పద్ధతిలో జరిగే పోటీలో కొన్ని మ్యాచ్‌లు ముగిసిన తరువాత, అప్పటివరకు లభించిన అంకెల ఆధారంగా ఒక జట్టు తరువాతి దశకు చేరే సంభావ్యతను లెక్కకట్టడం. ఈ పద్ధతులు అమెరికాలో బేస్‌బాల్ ఆట చుట్టూ పెరిగాయి. భారతదేశంలో వీటికి మిక్కిలి ప్రచారం కల్పించినది ఇండియన్ ప్రీమియర్ లీగ్ (ఐపీఎల్) క్రికెట్ పోటీ. ప్రతి ఏటా ఏప్రిల్ నెలాఖరు నుంచి తెలుగు దినపత్రికలలో కనిపించే "ప్లేఆఫ్స్ సమీకరణాలు" ఈ లెక్కలకు సరళ రూపాలే.

శ్రీకాకుళం జిల్లా పాఠకులకు 2025 నాటి ఢిల్లీ క్యాపిటల్స్ జట్టు ఇందుకు దగ్గరి ఉదాహరణ. టెక్కలికి చెందిన ఆల్‌రౌండరు త్రిపురాన విజయ్‌ను ఈ జట్టు 2024 నవంబరులో జెడ్డాలో జరిగిన వేలంలో 30 లక్షల రూపాయలకు తీసుకుంది. ఆ ఏడాది జట్టు రెండవ సొంత మైదానం విశాఖపట్నం. మొదటి రెండు విజయాలూ అక్కడే లభించాయి. మొదటి నాలుగు మ్యాచ్‌లూ వరుసగా గెలిచి, ఎనిమిది మ్యాచ్‌లు ముగిసేసరికి ఆరు విజయాలతో ఉన్న ఆ జట్టు చివరకు అయిదవ స్థానంలో నిలిచి ప్లేఆఫ్స్‌కు దూరమైంది. మొదటి నాలుగు మ్యాచ్‌లూ గెలిచిన జట్టు ప్లేఆఫ్స్‌కు చేరకపోవడం ఐపీఎల్ చరిత్రలో అదే మొదటిసారి. సీజను మధ్యలో అంకెలు ఏమి చెప్పగలవు, ఏమి చెప్పలేవు అనే ప్రశ్నకు ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

చరిత్ర

బేస్‌బాల్‌లో ప్రతి జట్టు ఒక సీజనులో 162 మ్యాచ్‌లు ఆడుతుంది. మ్యాచ్‌ల లెక్కలు వ్రాసి ఉంచే సంప్రదాయం ఆ ఆటలో పందొమ్మిదవ శతాబ్దం నుంచే ఉన్నది. అందువల్ల గణాంక శాస్త్రవేత్తలకు అది పెద్ద ప్రయోగశాల అయింది. 1971లో అమెరికాలో బేస్‌బాల్ పరిశోధకుల సంఘం ఏర్పడింది. ఆ సంఘం పేరులోని పొడి అక్షరాల నుంచే ఈ అధ్యయనానికి "సేబర్‌మెట్రిక్స్" అనే పేరును బిల్ జేమ్స్ అనే రచయిత కల్పించాడు.

బిల్ జేమ్స్ చెప్పిన సూత్రాలలో ప్రసిద్ధమైనది "పైథాగరస్ అంచనా". ఒక జట్టు చేసిన పరుగుల వర్గాన్ని, చేసిన పరుగుల వర్గం, ఇచ్చిన పరుగుల వర్గం ఈ రెండింటి మొత్తంతో భాగిస్తే ఆ జట్టు గెలవవలసిన మ్యాచ్‌ల నిష్పత్తి సుమారుగా వస్తుంది. లంబకోణ త్రిభుజ సిద్ధాంతంలో వలె వర్గాలు కనబడడమే ఈ పేరుకు కారణం, అంతకు మించి రేఖాగణితంతో దీనికి సంబంధం లేదు. ఉదాహరణకు సగం సీజనులో, అనగా 81 మ్యాచ్‌లలో, ఒక జట్టు 400 పరుగులు చేసి 350 పరుగులు ఇచ్చిందనుకుందాం. 1,60,000ను 2,82,500తో భాగిస్తే 0.566 వస్తుంది. అంటే ఆ జట్టుకు సుమారు 46 విజయాలు ఉండాలి. నిజంగా 52 ఉంటే, ఆ అదనపు విజయాలలో అదృష్టం పాలు ఉన్నదనీ, మిగిలిన సగంలో అంత జోరు ఉండకపోవచ్చుననీ భావిస్తారు. వర్గానికి బదులు 1.83 ఘాతాన్ని వాడితే ఫలితం ఇంకా దగ్గరగా వస్తుందని తరువాత గుర్తించారు.

2002లో ఓక్లండ్ అథ్లెటిక్స్ జట్టు తక్కువ ఖర్చుతో, ఇటువంటి లెక్కల ఆధారంగా ఆటగాళ్ళను ఎంచుకొని 103 మ్యాచ్‌లు గెలిచింది. ఆ కథను మైకేల్ లూయిస్ 2003లో "మనీబాల్" అనే పుస్తకంగా వ్రాయడంతో ఈ శాస్త్రం సామాన్య పాఠకులకు చేరింది.

విశ్వవిద్యాలయాలలో మాత్రం ఈ చర్చ అంతకు ముందే ఉన్నది. 1970 సీజను తొలి దశలో 18 మంది బేస్‌బాల్ ఆటగాళ్ళు తమ మొదటి 45 అవకాశాలలో సాధించిన సగటులను తీసుకొని, వాటి నుంచి మిగిలిన సీజను సగటును ఊహించడం ఎలాగో బ్రాడ్లీ ఎఫ్రాన్, కార్ల్ మోరిస్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. రాబర్టో క్లెమెంటే అప్పటికి 45లో 18 సాధించి 0.400 సగటుతో అందరికంటే ముందున్నాడు. పద్దెనిమిది మంది ఉమ్మడి సగటు 0.265. ఎఫ్రాన్, మోరిస్‌ల పద్ధతి క్లెమెంటే అంచనాను 0.290కి తగ్గించింది. మిగిలిన సీజనులో ఆయన సాధించినది 0.346. ఈ ఒక్కరి విషయంలో తగ్గింపు కొంత ఎక్కువైనట్లే. అయినా పద్దెనిమిది మందినీ కలిపి చూస్తే, ఎవరి అంకెను వారికి ఉంచిన అంచనాల కంటే అందరినీ ఉమ్మడి సగటు వైపు జరిపిన అంచనాలలో మొత్తం దోషం సుమారు మూడవ వంతు మాత్రమే. 1950లలో చార్లెస్ స్టెయిన్ కనుగొన్న సిద్ధాంతం దీనికి మూలం. అంచనాల సిద్ధాంతంలో విశ్వవిఖ్యాతుడైన సి. ఆర్. రావు (1920–2023) గణితంలో పట్టా పొందినది విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోనే అన్నది ఇక్కడ ప్రస్తావించదగిన విషయం.

చిన్న నమూనా సమస్య

పలాసలో జీడిపిక్కల బస్తా కొనే వ్యాపారి బస్తా మొత్తం విప్పి చూడడు. కొన్ని పిక్కలు తీసి, రెండుగా కోసి, పప్పు నిండుగా ఉన్నదా, ముడుచుకున్నదా, కుళ్ళినదా చూస్తాడు. ఆ కొద్ది పిక్కలను బట్టి 80 కిలోల బస్తాకు ధర కడతాడు. ఉద్దానం రైతుకు ఆ కోతే కీలకం. పిక్కలు బస్తా పైభాగం నుంచి మాత్రమే తీసినా, మరీ తక్కువ తీసినా అంచనా తప్పుతుంది. బస్తాలో అయిదింట ఒకటి చెడిపోయి ఉన్నా, ఏడు పిక్కలు మాత్రమే కోస్తే ఒక్క చెడ్డ పిక్క కూడా కనబడకపోయే అవకాశం నూటికి 21. నూరు పిక్కలు కోస్తే ఆ అవకాశం దాదాపు శూన్యం.

సీజను మధ్యలో ఐపీఎల్ జట్టును చూడడం ఏడు పిక్కలు కోసి చూడడం వంటిదే. ప్రతి జట్టు లీగు దశలో 14 మ్యాచ్‌లు ఆడుతుంది, అందులో సగం ఏడు. బేస్‌బాల్‌లో సగం సీజను అంటే 81 మ్యాచ్‌లు. ఏ మ్యాచ్‌లోనైనా గెలుపు ఓటములకు సమాన అవకాశం ఉన్న జట్టు 81 మ్యాచ్‌లలో సగటున 40.5 గెలుస్తుంది, ప్రామాణిక విచలనం 4.5. అదే జట్టు ఏడు మ్యాచ్‌లలో సగటున 3.5 గెలుస్తుంది, ప్రామాణిక విచలనం సుమారు 1.3. నిష్పత్తిగా చూస్తే మొదటి దానిలో అటూ ఇటూ ఊగేది నూటికి 5.6 వంతు, రెండవ దానిలో నూటికి 19 వంతు.

దీనిని ఒక నాణెంతో పరీక్షించవచ్చు. ఏడుసార్లు ఎగురవేస్తే మొత్తం 128 రకాల ఫలితాలు రావచ్చు. అందులో అయిదు లేక అంతకు మించి బొమ్మలు పడేవి 21, 7, 1 కలిపి 29. అంటే నూటికి దాదాపు 23. రెండు లేక అంతకు తక్కువ బొమ్మలు పడే అవకాశం కూడా అంతే. కాబట్టి పది జట్లూ అచ్చంగా సమాన బలం కలవే అయినప్పటికీ, సగం సీజను ముగిసేసరికి సుమారు రెండు జట్లు అయిదేసి విజయాలతో "భీకరంగా", మరో రెండు జట్లు రెండేసి విజయాలతో "చతికిలబడినట్లు" కనిపిస్తాయి. పత్రికా శీర్షికలలో పెక్కింటికి ఈ 29 భాగించు 128 అనే భిన్నమే ఆధారమంటే అతిశయోక్తి కాదు.

2025లో ఢిల్లీ క్యాపిటల్స్

మార్చి 24న విశాఖపట్నంలో లక్నో జట్టు 8 వికెట్లకు 209 పరుగులు చేయగా, ఢిల్లీ 19.3 ఓవర్లలో 9 వికెట్లకు 211 చేసి ఒక్క వికెట్ తేడాతో గెలిచింది. మార్చి 30న అదే మైదానంలో సన్‌రైజర్స్ హైదరాబాదును 7 వికెట్లతో ఓడించింది. తరువాత చెన్నై, బెంగళూరు జట్లపై గెలిచింది. ముంబై చేతిలో 12 పరుగులతో ఓడింది. రాజస్థాన్‌తో మ్యాచ్ సమమై సూపర్ ఓవర్లో గెలిచింది. గుజరాత్‌తో ఓడింది. ఏడు మ్యాచ్‌లకు అయిదు విజయాలు, పది పాయింట్లు.

ఈ దశలో చేయగల అతి సులభమైన లెక్క నాణెం లెక్కే. పది జట్ల ఐపీఎల్‌లో 16 పాయింట్లు, అంటే ఎనిమిది విజయాలు, సాధారణంగా ప్లేఆఫ్స్‌కు సరిపోతాయి. 2022, 2023, 2025 సంవత్సరాలలో నాలుగవ స్థానపు జట్టుకు 16 పాయింట్లు, 2024లో 14 పాయింట్లు ఉన్నాయి. ఢిల్లీకి మిగిలిన ఏడింట మూడు గెలిస్తే చాలు. ఆ అవకాశం 128లో 99, నూటికి 77. తరువాత లక్నోపై ఏప్రిల్ 22న మరొక విజయం లభించింది. అప్పుడు మిగిలిన ఆరింట రెండు గెలిస్తే చాలు. ఆ అవకాశం 64లో 57, నూటికి 89.

జరిగినది వేరు. ఆ ఆరింటిలో ఒక గెలుపు, నాలుగు ఓటములు, హైదరాబాదులో వర్షం వల్ల ఫలితం తేలని మ్యాచ్ ఒకటి. మొత్తం 15 పాయింట్లు. నాలుగవ స్థానం 16 పాయింట్లతో ముంబైకి దక్కింది. ఆ ముంబై జట్టు మొదటి అయిదు మ్యాచ్‌లలో ఒక్కటి మాత్రమే గెలిచి, ఆపై వరుసగా ఆరు గెలిచింది.

నాణెం లెక్క తప్పని దీని అర్థం కాదు. నూటికి 89 అన్నప్పుడు నూటికి 11 సార్లు అలా జరగదనే చెప్పినట్లు. అయినప్పటికీ ఏప్రిల్ 22న చూడగలిగి ఉండియు పాయింట్ల పట్టికలో కనబడని విషయాలు కొన్ని ఉన్నాయి.

మొదటిది గెలుపు తేడా. ఢిల్లీ తొలి ఆరు మ్యాచ్‌లలో సాధించిన అయిదు విజయాలలో ఒకటి ఒక్క వికెట్‌తో, ఇంకొకటి సూపర్ ఓవర్లో వచ్చాయి. కొద్ది తేడాతో ముగిసే మ్యాచ్‌లలో నైపుణ్యం కంటే అదృష్టం పాలు అధికమని దాదాపు అన్ని ఆటల గణాంకాలూ చెబుతున్నాయి. ఆ రెండూ అటు తిరిగి ఉంటే ఆ జట్టు ఆరింట మూడే గెలిచి ఉండేది. దీనికి విరుద్ధంగా ముంబై తొలి ఓటములలో రెండు పన్నెండేసి పరుగుల తేడాతో కలిగినవి. దాని ఏకైక విజయం మాత్రం కోల్‌కతాను 116 పరుగులకు ఆలౌట్ చేసి, 43 బంతులు మిగిలి ఉండగా 8 వికెట్లతో సాధించినది. ఒక విజయం, నాలుగు ఓటములు అన్న అంకె ఆ జట్టు బలాన్ని తక్కువ చేసి చూపింది.

రెండవది మిగిలిన ప్రత్యర్థుల బలం. పది జట్ల పద్ధతిలో అన్ని జట్లూ అందరితో సమానంగా ఆడవు. ఒక్కొక్క జట్టు అయిదు జట్లతో రెండేసిసార్లు, నాలుగు జట్లతో ఒక్కొక్కసారి ఆడుతుంది. ఎనిమిది మ్యాచ్‌ల తరువాత ఢిల్లీకి మిగిలినవి బెంగళూరు, కోల్‌కతా, హైదరాబాదు, గుజరాత్, ముంబై, పంజాబ్ జట్లతో. వీటిలో బెంగళూరు, గుజరాత్, ముంబై, పంజాబ్‌లే చివరకు ప్లేఆఫ్స్‌కు చేరిన నాలుగు జట్లు. అటువంటి ప్రత్యర్థులపై గెలుపు అవకాశాన్ని సగం అనక 0.4 అనుకుంటే, ఆరింట రెండు గెలిచే అవకాశం నూటికి 89 నుంచి 77కు దిగుతుంది. అప్పటికీ అది మంచి అవకాశమే, కాని ధీమాగా కూర్చోదగినది కాదు.

మూడవది ఏ పట్టికలోనూ ముందుగా కనబడనిది. భారత పాకిస్తాన్ ఉద్రిక్తతల వల్ల మే 9న పోటీ వారం పాటు నిలిచిపోయి మే 17న తిరిగి మొదలైంది. అప్పటికి 11 మ్యాచ్‌లలో 14 వికెట్లు తీసిన ఆస్ట్రేలియా పేసర్ మిచెల్ స్టార్క్ తిరిగి రాలేదు. మే 21న ముంబైతో జరిగిన నిర్ణాయక మ్యాచ్‌లో కెప్టెన్ అక్షర్ పటేల్ అనారోగ్యం వల్ల ఆడలేదు. ఆ మ్యాచ్‌లో ఢిల్లీ 59 పరుగులతో ఓడింది. 2018 అక్టోబరు 11న పలాస వద్ద తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను కూల్చివేసినప్పుడు, అంతకు ముందటి దిగుబడి అంచనాలన్నీ ఒక్క రాత్రిలో అర్థం కోల్పోయాయి. గడచిన అంకెల మీద నిలిచిన ఏ అంచనాకైనా ఈ బలహీనత తప్పదు.

సగటు వైపు జరపడం

పై ఇబ్బందులకు గణాంక శాస్త్రం చెప్పే ప్రాథమిక పరిష్కారం, జట్టు అంకెను సగటు వైపు కొంత జరపడం. ఆచరణలో దీనికొక సులభమైన ఉపాయం ఉన్నది. జట్టు నిజంగా ఆడిన మ్యాచ్‌లకు కొన్ని ఊహా మ్యాచ్‌లను, సగం గెలుపులుగా సగం ఓటములుగా, కలుపుతారు. ఎన్ని కలపాలన్నది పాత సీజన్ల అంకెల నుంచి నిర్ణయించుకోవాలి. మచ్చుకు 14 కలిపితే, ఏడింట అయిదు గెలిచిన ఢిల్లీ 21కి 12 గెలిచినట్లవుతుంది. అంటే దాని బలం నూటికి 71 కాక 57. ఇదే లెక్కన అయిదింట ఒకటి గెలిచిన ముంబై బలం నూటికి 20 కాక 42. రెండు జట్ల మధ్య అగాధంగా కనిపించిన తేడా ఒక చిన్న గట్టుగా మారుతుంది. మ్యాచ్‌లు పెరిగేకొద్దీ ఊహా మ్యాచ్‌ల ప్రభావం తగ్గి, జట్టు అసలు ఆటే అంచనాను శాసిస్తుంది.

నికర పరుగుల రేటు

ఐపీఎల్‌లో పాయింట్లతో పాటు పట్టికలో కనిపించే మరొక అంకె నికర పరుగుల రేటు (నెట్ రన్‌రేట్). రెండు జట్లకు పాయింట్లు, విజయాలు సమానమైనప్పుడు ముందు వెనుకలను ఇది నిర్ణయిస్తుంది. జట్టు ఓవరుకు చేసిన పరుగుల నుంచి ఓవరుకు ఇచ్చిన పరుగులను తీసివేస్తే ఇది వస్తుంది. ఆలౌట్ అయిన జట్టు ఎన్ని ఓవర్లు ఆడినా 20 ఓవర్లు ఆడినట్లే లెక్కిస్తారు. సూపర్ ఓవర్ పరుగులు, ఫలితం తేలని మ్యాచ్‌లు లెక్కలోకి రావు.

విద్యార్థులు తరచు పొరబడేది ఓవర్ల దశాంశంలో. 19.3 ఓవర్లు అంటే 19 ఓవర్ల 3 బంతులు, గణితంలో అది 19.5. విశాఖపట్నంలో ఢిల్లీ ఆడిన రెండు మ్యాచ్‌లనే తీసుకుంటే, లక్నోపై 19.5 ఓవర్లలో 211, హైదరాబాదుపై 16 ఓవర్లలో 166, మొత్తం 35.5 ఓవర్లలో 377 పరుగులు. ఓవరుకు 10.620. ఇచ్చినవి 209, 163 కలిపి 372. హైదరాబాదు 18.4 ఓవర్లకే ఆలౌట్ అయినా 20 గానే లెక్కించాలి కనుక ఓవర్లు 40. ఓవరుకు 9.300. తేడా +1.320. ప్రతి మ్యాచ్‌కు విడివిడిగా రేటు కట్టి సగటు తీయరాదు, పరుగులను, ఓవర్లను మొత్తంగా కూడిన తరువాతే భాగించాలి. సీజను ముగిసేసరికి ఇదే జట్టు రేటు +0.011కు దిగింది. నాలుగవ స్థానంలోని ముంబైది +1.142. ఒకే ఒక్క పాయింటు తేడా ఉన్న రెండు జట్ల మధ్య అసలు అంతరం ఎంతో ఈ అంకె చెబుతుంది.

పైథాగరస్ అంచనాను క్రికెట్‌కు నేరుగా అన్వయించడం కష్టం. లక్ష్యాన్ని ఛేదించే జట్టు లక్ష్యం అందగానే ఆట ఆపివేస్తుంది, కాబట్టి పరుగుల మొత్తంలో దాని ఆధిక్యం కనబడదు. ఓవర్లను కూడా లెక్కించే నికర పరుగుల రేటు ఆ లోపాన్ని కొంత సరిదిద్దుతుంది. అయితే చేతిలో ఉన్న వికెట్లను ఇది పట్టించుకోదు. తొమ్మిది వికెట్లు కోల్పోయి గెలిచినా, ఒక్క వికెట్టూ కోల్పోక గెలిచినా దీనికి ఒకటే. ఇది న్యాయమైన కొలమానం కాదనే విమర్శ ఈ కారణంగానే వచ్చింది.

దీని వల్ల తలరాతలు మారిన సందర్భాలు అనేకం. 2014 మే 25న వాంఖడేలో ముంబై 14.3 ఓవర్లలో 190 చేస్తే రాజస్థాన్‌ను దాటేది. సరిగ్గా 14.3 ఓవర్లకు 189 వద్ద ఆగింది. స్కోరు సమమైనందున మరుసటి బంతికి ఫోర్ కొట్టినా చాలునని తేలింది, ఆదిత్య తారే సిక్సర్ కొట్టాడు. 2019లో సన్‌రైజర్స్ హైదరాబాదు 12 పాయింట్లతోనే, అంతే పాయింట్లున్న కోల్‌కతా, పంజాబ్ జట్లను రేటులో దాటి నాలుగవ స్థానం పొందింది. 2021లో ముంబై చివరి మ్యాచ్‌లో హైదరాబాదుపై 171 పరుగుల తేడాతో గెలిస్తేనే కోల్‌కతాను దాటగలదు. 235 పరుగులు చేసినా గెలుపు తేడా 42 మాత్రమే అయింది.

ఎదురీదిన జట్లు

2021 పోటీ కోవిడ్ వల్ల మే నెలలో ఆగిపోయి సెప్టెంబరులో యూఏఈలో కొనసాగింది. సీజను నిజంగానే రెండు ముక్కలైన అరుదైన ఏడాది అది. మొదటి ఏడు మ్యాచ్‌లలో రెండే గెలిచిన కోల్‌కతా, యూఏఈలో ఏడింట అయిదు గెలిచి ఫైనల్ వరకు వెళ్ళింది. 2024లో బెంగళూరు ఎనిమిది మ్యాచ్‌లకు ఒకే విజయంతో అట్టడుగున ఉండి, ఉప్పల్‌లో హైదరాబాదుపై గెలుపుతో మొదలుపెట్టి ఆరింటికి ఆరూ గెలిచింది. నాణెం లెక్క ప్రకారం అది 64లో ఒకటి. ఆ తరువాత కూడా చెన్నైని రేటులో దాటడానికి 18 పరుగుల తేడా కావలసివచ్చింది. చివరి ఓవరులో చెన్నై 17 పరుగులు చేస్తే మ్యాచ్ ఓడినా ముందుకు వెళ్ళేది. ఏడే చేసింది. బెంగళూరు 27 పరుగులతో గెలిచి నాలుగవ స్థానం పొందింది.

64లో ఒకటి అనే సంఘటన అసాధ్యం కాదు. పద్దెనిమిది సీజన్లు, ప్రతి సీజనులో ఎనిమిది నుంచి పది జట్లు ఆడగా అటువంటిది ఎప్పుడో ఒకప్పుడు జరగడమే సహజం. ఆ జట్టే అని ముందుగా చెప్పగలగడం మాత్రం వేరు సంగతి. దీనికి ఎదురు ఉదాహరణలు బేస్‌బాల్‌లోనూ ఉన్నాయి. 2011 సెప్టెంబరు ఆరంభంలో టంపా బే జట్టు కంటే తొమ్మిది మ్యాచ్‌లు ముందున్న బోస్టన్ రెడ్ సాక్స్, ఆ నెలలో 27 మ్యాచ్‌లకు ఏడే గెలిచి, సీజను ఆఖరి రోజున అవకాశం కోల్పోయింది.

తెలుగువారి మొదటి ఐపీఎల్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ కథ ఈ రెంటికీ మధ్యది. 2008లో 14 మ్యాచ్‌లకు రెండే గెలిచి చివరి స్థానంలో నిలిచింది. అయినా దాని నికర పరుగుల రేటు (-0.467) ఏడవ స్థానంలోని బెంగళూరు రేటు కంటే చాలా మెరుగు. విజయాల అంకె చెప్పినంత బలహీనమైన జట్టు కాదది. 2009లో మొదటి నాలుగు మ్యాచ్‌లూ గెలిచింది. తరువాతి పదింటిలో మూడే గెలిచింది. మొత్తం 14 పాయింట్లతో పంజాబ్‌తో సమానమై, రేటులో (+0.203) దానిని దాటి నాలుగవ స్థానంతో సెమీఫైనల్ చేరింది. అక్కడ 20 పాయింట్లతో అగ్రస్థానంలో ఉన్న ఢిల్లీని గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో చేసిన 85 పరుగులతో ఓడించి, మే 24న జొహానెస్‌బర్గ్‌లో బెంగళూరుపై 6 పరుగులతో కప్పు గెలిచింది. అంతకు ముందు ఏడాది అట్టడుగు రెండు స్థానాలలో ఉన్న జట్లే ఫైనల్ ఆడాయి. 2009లో డెక్కన్‌కు 14 పాయింట్లతో దక్కినది, 2025లో ఢిల్లీకి 15 పాయింట్లతో దక్కలేదు. పోటీలో ఉన్న జట్లు ఎనిమిదా పదా, మిగిలిన జట్లు ఎలా ఆడాయి అన్నవి కూడా ఒక జట్టు అవకాశాలలో భాగమే.

కంప్యూటరు అనుకరణ

ఒక జట్టు లెక్క నాణెంతో తేలుతుంది కాని, పది జట్ల లెక్క ఒకేసారి తేలాలంటే మిగిలిన ప్రతి మ్యాచ్‌నూ పరిగణించాలి. లీగు దశలో 70 మ్యాచ్‌లు ఉంటే సగం సీజనుకు 35 మిగులుతాయి. వాటి ఫలితాలు 3,435 కోట్లకు పైగా రకాలుగా రావచ్చు. అన్నిటినీ విడివిడిగా పరిశీలించడానికి బదులు, ప్రతి జట్టుకూ ఒక బలాన్ని ఇచ్చి, మిగిలిన మ్యాచ్‌లను యాదృచ్ఛిక సంఖ్యలతో కంప్యూటరు చేత వేలసార్లు ఆడిస్తారు. పదివేల సార్లలో 7,700 సార్లు ఒక జట్టు మొదటి నాలుగు స్థానాలలో నిలిస్తే దాని అవకాశం నూటికి 77. ఈ పద్ధతిని మాంటె కార్లో అంటారు. 1940లలో అణు పరిశోధనల సందర్భంగా స్టానిస్లా ఉలామ్, జాన్ వాన్ నాయ్‌మన్ దీనిని రూపొందించారు. చివరి పది మ్యాచ్‌లు మాత్రమే మిగిలినప్పుడు ఫలితాల రకాలు 1,024కు తగ్గుతాయి కనుక, ఓపిక ఉన్న విద్యార్థి స్ప్రెడ్‌షీట్‌లో అన్నిటినీ పరిశీలించవచ్చు.

అనుకరణ ఎంత పెద్దదైనా అది మొదట ఇచ్చిన బలాల అంచనా కంటే నమ్మదగినది కాదు. పదివేలకు బదులు పది లక్షల సార్లు ఆడించినంత మాత్రాన తప్పుడు బలం సరిదిద్దబడదు.

పందేలు

ఈ అంకెలను తప్పుగా చదివినందువల్ల కలిగే నష్టం ఆటగాళ్ళకు కాదు, పందెగాళ్ళకు. నూటికి 89 అవకాశాన్ని "ఖాయం" అని చదువుకొని, గెలిస్తే నూరు రూపాయల లాభం వచ్చే పందెంలో వెయ్యి రూపాయలు పెట్టిన వ్యక్తిని తీసుకుంటే, అటువంటి నూరు పందేలలో 89 సార్లు నూరేసి చొప్పున 8,900 వస్తాయి, 11 సార్లు వెయ్యేసి చొప్పున 11,000 పోతాయి. అంచనా సరైనదే అయినా నికరంగా 2,100 నష్టం. పందెం నడిపేవాడు నిష్పత్తిని ఎల్లప్పుడూ ఈ విధంగానే అమర్చుకుంటాడు. ఐపీఎల్ రోజుల్లో అప్పులపాలైన యువకుల వార్తలు తెలుగు జిల్లాలన్నిటా వస్తూనే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ 2020లో తన గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది.

ఇతర ఆటలలో

ప్రో కబడ్డీలో 2024 వరకు గెలుపుకు అయిదు పాయింట్లు, ఏడు లేక అంతకు తక్కువ తేడాతో ఓడితే ఒక పాయింటు ఇచ్చేవారు. అందువల్ల కేవలం గెలుపుల అంకెతో అవకాశాలు లెక్కించడం సాధ్యం కాదు. 2024 సీజనులో 22 మ్యాచ్‌లకు 12 గెలిచిన తెలుగు టైటాన్స్ ఏడవ స్థానంలో నిలిచి, మొదటి ఆరు జట్లకే పరిమితమైన ప్లేఆఫ్స్‌కు దూరమైంది. రంజీ ట్రోఫీలో డ్రా అయిన మ్యాచ్‌లో మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యానికి మూడు పాయింట్లు, వెనుకబడిన జట్టుకు ఒకటి లభిస్తాయి. 2024-25లో ఆ పోటీని రెండు దశలుగా విడదీసి, నడుమ పరిమిత ఓవర్ల పోటీలు జరిపారు. మొదటి దశ ముగిసిన తరువాత నెలలకొద్దీ విరామం ఉండడం వల్ల ఆంధ్ర వంటి జట్ల అవకాశాలను లెక్కించేవారికి తీరిక దొరుకుతుంది, కాని అదే విరామంలో జట్టు కూర్పు మారిపోయి పాత అంకెల విలువ కొంత తగ్గుతుంది.